పాలపిట్ట పెరట్లోకి రావాలంటే
పెరటి పక్షులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల నుంచి పాలపిట్ట గురించి, తొర్రల్లో గూడు పెట్టే మరికొన్ని పిట్టల గురించి వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాం. గూటి కోసం కట్టే చెక్కపెట్టె కొలతలు అడిగినవాళ్లే ఎక్కువమంది. కొలతలు ఇస్తున్నాం కానీ, పెట్టెకు ముందు చూసుకోవాల్సినవి రెండున్నాయి. రెండో, మూడో జవాబులు చదివాకే వడ్రంగి దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: ఫోన్లో ఒక వీడియో చూశాం. అమెరికాలో ఒకాయన ఇంటి వెనక గుంజకు చిన్న చెక్కపెట్టె కడితే నీలం రంగు పిట్టలు జంటగా వచ్చి గూడు పెట్టాయి. వాటిని బ్లూబర్డ్ అంటారట. మా పెరట్లో పది సెంట్ల ఖాళీ ఉంది. అదే కొలతతో పెట్టె చేయిస్తే ఇక్కడా నీలం పిట్టలు వస్తాయా?
(ఒక పాఠకురాలు, అల్లూరు)

జవాబు: ఆ పిట్ట రాదమ్మా. బ్లూబర్డ్ అమెరికా ఖండం పక్షి. తూర్పు, పడమటి, కొండ బ్లూబర్డ్ అని మూడు రకాలు, మూడూ అక్కడివే. మన దగ్గర నీలం పక్షి అంటే పాలపిట్ట. బ్లూబర్డ్ 30 గ్రాములు తూగితే పాలపిట్ట 160 నుంచి 180 గ్రాములు తూగుతుంది. బ్లూబర్డ్ పెట్టెకు పెట్టే రంధ్రం ఒకటిన్నర అంగుళం. అందులో పాలపిట్ట తల పట్టినా ఒళ్లు పట్టదు. ఆ పెట్టె ఇక్కడ కడితే వచ్చేది పిచ్చుక. అదీ మంచిదే, కానీ మీరు అడిగింది అది కాదు.

అయినా ఆ వీడియో నుంచి నేర్చుకోదగ్గవి ఉన్నాయి. రంధ్రం కింద నిలబడే పుల్ల పెట్టకూడదు. తొర్రలో కాపురం చేసే పక్షికి ఆ పుల్లతో పనిలేదు, గోళ్లతో చెక్కను పట్టుకుని లోపలికి పోతుంది. పుల్ల పనికొచ్చేది లోపలికి తొంగిచూసే కాకికి. పెట్టె లోపల రంగు, వార్నిష్ వేయకూడదు. ఏడాదికోసారి తెరిచి శుభ్రం చేసే వీలుండాలి. గుంజకు పాము, పిల్లి ఎక్కకుండా నున్నటి అడ్డు ఉండాలి. ఈ నాలుగూ ఇక్కడా వర్తిస్తాయి.

ఒక్క మాట మాత్రం వదిలేయండి. అక్కడివాళ్లు పిచ్చుక గూళ్లను తీసేయమని చెబుతారు. అమెరికాకు పిచ్చుక పరాయిది. 1850లలో ఐరోపా నుంచి తెచ్చి వదిలారు, అది బ్లూబర్డ్ పిల్లలను పొడిచి చంపి గూడు లాక్కుంటుంది. ఇక్కడ పిచ్చుక మనదే. దాని గూడు ముట్టుకోకండి.

ప్రశ్న: మా ఇంటి ఎదుట కరెంటు తీగ మీద పాలపిట్ట రోజూ కూర్చుంటుంది. పెరట్లోకి మాత్రం రాదు. జొన్నలు, సజ్జలు, నూకలు చల్లాం, నీళ్లు పెట్టాం. ఇంకేం చేయాలి?
(ఒక పాఠకుడు, దర్శి)

జవాబు: గింజలు ఆపేయండి. పాలపిట్ట గింజ తినదు. మిడతలు, పేడపురుగులు, కీచురాళ్లు, తేళ్లు, చిన్న తొండలు, కప్పలు, అప్పుడప్పుడు చుంచు పిల్ల, ఇదీ దాని తిండి. తొలకరి వానకు ఉసుళ్లు లేస్తే వాటిని గాల్లోనే పట్టి తింటుంది. జొన్నలు చల్లితే పావురాలు, గువ్వలు వస్తాయి, వాటి సందడికి పాలపిట్ట ఇంకా దూరంగా ఉంటుంది.

అది వేటాడే తీరు చూడండి, ఏం చేయాలో అదే చెబుతుంది. ఎత్తైన చోట కదలకుండా కూర్చుంటుంది, కింద నేల మీద కదిలినదాన్ని చూస్తుంది, రెక్కలు విప్పి దిగి పట్టుకుని మళ్లీ అక్కడికే పోతుంది. అంటే దానికి కావలసింది మూడు: చుట్టూ కనిపించేలా కూర్చునే చోటు, దాని కింద పొట్టి గడ్డి లేదా వట్టి నేల, ఆ నేలలో పురుగు. కరెంటు తీగ దానికి కూర్చునే చోటు ఇచ్చింది. మీ పెరడు మిగతా రెండూ ఇవ్వడం లేదన్నమాట. మోకాలెత్తు పిచ్చిగడ్డి పెరిగిన దొడ్డిలో పురుగున్నా దానికి కనిపించదు. సిమెంటు చేసిన వాకిట్లో అసలు పురుగే ఉండదు.

కూర్చునే చోటు ఇలా చేయండి. 12 అడుగుల సరుగుడు కర్ర తీసుకుని, కింది రెండడుగులకు చెదలు పట్టకుండా తారు పూసి, రెండడుగుల గుంతలో పాతి రాళ్లతో దిమ్మిస కొట్టండి. పైన అడ్డంగా ఒకటిన్నర అడుగుల కర్ర బిగించండి. అది బొటనవేలికంటే కాస్త లావుగా, బెరడుతో ఉండాలి. నున్నటి ఇనప పైపు వద్దు, మే నెలలో మధ్యాహ్నానికి కాలిపోతుంది. పశువుల దొడ్డి, పెంటకుప్ప ఉంటే దానికి 15, 20 అడుగుల దూరంలో పాతండి. పెంటకుప్పలో పేడపురుగులు, వాటి పిల్లపురుగులు ఎప్పుడూ ఉంటాయి. కర్ర చుట్టూ ఇరవై అడుగుల మేర గడ్డిని జానెడుకు మించనీయకండి. కొడవలితో కోయండి, కలుపుమందు కొట్టకండి.

పొలాల్లో వ్యవసాయ శాఖ వాళ్లు పెట్టమనే పక్షి స్థావరాలు ఇవే. కంది, మినుము, మిరప చేలల్లో ఎకరాకు ఇరవై దాకా పెట్టమంటారు. అయితే జొన్న, సజ్జ చేలో గింజ పాలుపోసుకునే వేళకు వాటిని పీకేయాలి. లేకపోతే అవే స్థావరాల మీద చిలుకలు కూర్చుని కంకులు కొడతాయి. పెరట్లో కర్రకు ఆ బాధ లేదు.

ఇక మందుల సంగతి. పెరట్లో కూరపాదులకు పురుగుమందు కొట్టి, పురుగును తినే పక్షిని రమ్మంటే కుదరదు. రాకపోవడం ఒక్కటే కాదు, వస్తే చస్తుంది. 1995-96లో అర్జెంటీనాలో మిడతల మీద మోనోక్రోటోఫాస్ కొట్టారు. ఆ మిడతలను తిన్న స్వైన్సన్ డేగలు వేలల్లో పొలాల్లో రాలిపోయాయి. మన పాలపిట్ట తినేదీ మిడతనే. మందు తగిలిన మిడత సరిగ్గా ఎగరలేదు, నేల మీద కొట్టుకుంటుంది, కాబట్టి పక్షి కంటికి ముందు పడేది అదే. వరికి వేసే గుళికలూ అంతే. కార్బోఫ్యురాన్ గుళిక పక్షులకు గట్టి విషం. ఫోరేట్ గుళికల వాడకాన్ని దేశంలో 2020 డిసెంబరు 31తో నిషేధించారు. పాత డబ్బా ఇంట్లో మిగిలుంటే చల్లకండి, దాన్ని ఎలా వదిలించుకోవాలో వ్యవసాయాధికారిని అడగండి. పాదులకు వేపగింజల కషాయం చాలు. గొంగళి పురుగులను చేత్తో ఏరేయండి.

నీళ్లతొట్టిని మిగతా పక్షుల కోసం ఉంచండి. రెండంగుళాల లోతు మించకుండా, మధ్యలో ఒక రాయి వేసి, రోజూ నీళ్లు పారబోసి మార్చండి. వారం నిలవుంటే దోమలు పుడతాయి. పాలపిట్ట మాత్రం తొట్టి కంటే చెరువు నీళ్ల మీదికి దూకి ఒళ్లు తడుపుకుంటుంది.

ప్రశ్న: మా దొడ్డి గట్టున తాటిచెట్టు ఒకటి పిడుగు పడి తల పోయి మోడై నిలబడింది. నాలుగేళ్లయింది. ఎండాకాలం వస్తే పాలపిట్టలు దాని చుట్టూ తిరుగుతుండాయి. మా అబ్బాయి పొగాకు బ్యారన్‌కు కట్టెలకని కొట్టేద్దాం అంటాడు. నాకు మనసు రావడంలా. ఉంచితే ఏమన్నా లాభం ఉందా?
(ఒక రైతు, కొండపి)

జవాబు: కొట్టబాకండి అయ్యా. మీరు రాసిన ఆ మోడు, ఎంత మంచి పెట్టె చేయించినా దానికి సాటిరాదు.

పాలపిట్ట ముక్కు బలంగా ఉంటుంది కానీ వడ్రంగి పిట్టలా చెక్కను తొలవలేదు. ఎవరో చేసిన తొర్రనో, పుచ్చిపోయిన చోటునో వెతుక్కుంటుంది. తాటి, కొబ్బరి మోళ్లంటే దానికి మరీ ఇష్టం. తల పోయిన మానులో పైనుంచి వాన దిగి లోపలి మెత్తటి పీచు పుచ్చిపోతుంది, చుట్టూ గట్టి చెక్క నిలుస్తుంది. లోపల గిన్నెలా గుంట పడుతుంది. అందులో మూడు నుంచి అయిదు తెల్లటి గుడ్లు పెడుతుంది. పొదగడానికి 17 నుంచి 19 రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో నెల పైచిలుకు. మార్చి నుంచి జూన్ దాకా కాలం. మన వైపు ఫిబ్రవరి చివరికే మగపక్షి పైకెగసి గాల్లో పల్టీలు కొడుతూ గరగరా అరుస్తుంది. ఆ పల్టీలు కనిపించిన రోజు నుంచి ఆ మోడు దగ్గర పని పెట్టుకోకండి. పొలం గట్లు, గడ్డి తగలబెట్టేటప్పుడు మోడు చుట్టూ పదడుగులు ముందే చెక్కి ఉంచండి. ఎండిన తాడికి మంట తగిలితే లోపల పీచు రాజుకుని రెండు రోజులు కాలుతూనే ఉంటుంది.

పాలపిట్టకు తొర్రలు ఎందుకు తగ్గాయంటే, మీ అబ్బాయి చెప్పిన మాటలోనే జవాబు ఉంది. బ్యారన్ వేడిలో ఆకు ఆరబెట్టే పొగాకు క్యూరింగ్‌కు కట్టెలు కావాలి, పచ్చి చెట్టు కంటే ఎండిన చెట్టు ముందు పోతుంది. అది చూసేవాళ్లకు పనికిరాని మాను, పాలపిట్టకు, చిలుకకు, పైడికంటె అనే చిన్న గుడ్లగూబకు ఇల్లు. ఒక మోడు విలువ కట్టెల్లో ఎంతో లెక్కవేసి, ఆ కట్టెలకు బదులు పొలంలో పెరిగిన సర్కారు తుమ్మ కొట్టుకోమని మీ అబ్బాయికి చెప్పండి.

రెండు జాగ్రత్తలు. మోడు ఇంటి మీదికో, పశువుల కొట్టం మీదికో, దారి మీదికో వాలి ఉంటే ఉంచకూడదు. నవంబరు తుపానుకు పడుతుంది. పూర్తిగా తీసేయకుండా పదీ పన్నెండడుగుల ఎత్తు మొండెం మిగిలేలా పైభాగం కోయించవచ్చు. ఆగస్టు, సెప్టెంబరుల్లో కోయించండి, అప్పటికి పిల్లలు ఎగిరిపోయి ఉంటాయి. రెండోది కొబ్బరి సంగతి. దగ్గర్లో కాపున్న కొబ్బరి తోట ఉంటే చచ్చిన కొబ్బరి మానును అక్కడ ఉంచకండి. పుచ్చిన కొబ్బరి మానులో కొమ్ముపురుగు గుడ్లు పెట్టి తోటకు పాకుతుంది. కొమ్ముపురుగు రాత్రి ఎగురుతుంది, పాలపిట్ట పగటి పక్షి, కాబట్టి అది తినేస్తుందిలే అనుకోవడానికి లేదు. మీది దొడ్డి గట్టున ఒంటి తాడి కాబట్టి, చుట్టుపక్కల కొబ్బరి లేకపోతే నిశ్చింతగా ఉంచండి.

ప్రశ్న: మాకు మోడు లేదు, పెద్ద చెట్టూ లేదు. పాలపిట్టకు పెట్టె చేయించాలి. కొలతలు, చెక్క, కట్టే తీరు వివరంగా చెప్పండి.
(ఒక ఉపాధ్యాయుడు, ఆత్మకూరు)

జవాబు: పెట్టె కట్టగానే పాలపిట్ట తప్పక వస్తుందని మేం చెప్పం. ఐరోపాలో దీని చుట్టమైన రోలర్ పక్షికి స్పెయిన్, ఫ్రాన్స్, హంగరీ దేశాల్లో ఇలాంటి పెట్టెలు కట్టారు, అక్కడ బాగా పనిచేశాయి. మన పాలపిట్ట ఒడ్డూ పొడుగూ దానిలాగే ఉంటుంది కాబట్టి కొలతలు అవే సరిపోతాయి. ఇక్కడి ఎండకు, వానకు తగ్గట్టు మాత్రం మార్చుకోవాలి.

చెక్క: పాత వేపపలక అన్నిటికంటే మంచిది, చెదలు అంత తొందరగా ముట్టవు. మందం ముప్పావు అంగుళం. ప్లైవుడ్ వద్దు, ఒక్క వానాకాలానికి పొరలు విడిపోతుంది. రేకు డబ్బా, ప్లాస్టిక్ డ్రమ్ము అసలే వద్దు. రోహిణి కార్తెలో అందులో పిల్లలు ఉడికిపోతాయి.

ముక్కలు అంగుళాల్లో ఇలా కోయించండి. వెనక పలక పొడవు 26, వెడల్పు పదకొండున్నర. పెట్టె అడుగుకు కింద నాలుగు, పైకప్పుకు పైన నాలుగు అంగుళాలు మిగిలేలా, అక్కడ బోల్టులు పడతాయి. పక్క పలకలు రెండు, వెడల్పు పదీ ముప్పావు. వెనక వైపు 18 ఎత్తు, ముందు వైపు 16 ఎత్తు వచ్చేలా పైన వాలుగా కోయాలి. ముందు పలక 10 వెడల్పు, 16 ఎత్తు, ఇది రెండు పక్క పలకల మధ్యలో కూర్చుంటుంది. అడుగు పలక 10కి 10, ఇది నాలుగు పలకల లోపల బిగుస్తుంది. పైకప్పు 14కి పద్నాలుగున్నర, ముందుకు మూడంగుళాలు, పక్కలకు ఒకటిన్నర చొప్పున చూరు రావాలి. అంత వెడల్పు పలక దొరక్కపోతే రెండు ముక్కలు అతికించండి.

రంధ్రం రెండున్నర నుంచి రెండు ముప్పావు అంగుళాల వ్యాసం. దాని కింది అంచు అడుగు పలక మీద నుంచి తొమ్మిది అంగుళాల ఎత్తులో ఉండాలి. కోశాక అంచులు గరుకు కాగితంతో రుద్దండి, ఈకలు తెగకుండా. రంధ్రం కింద లోపలి వైపు ఉలితో అడ్డంగా నాలుగైదు గీతలు లోతుగా గీయించండి. ఇది చాలామంది మరిచిపోతారు. చిత్రిక పట్టిన నున్నటి చెక్కను పిల్లలు ఎక్కలేక, ఎగిరే వయసొచ్చినా లోపలే ఉండిపోతాయి.

ఒక పక్క పలకను మేకులతో కొట్టకుండా రెండు బందులతో వెనక పలకకు తలుపులా బిగించి, ముందు కొక్కెం పెట్టండి. శుభ్రం చేయడానికి అదే దారి. అడుగు పలక నాలుగు మూలలా పావంగుళం రంధ్రాలు, పైకప్పు కింద రెండు పక్కలా అరంగుళం సందు వదలండి. పైకప్పు వెనక పలకను తాకే సందులోంచే వాన దిగుతుంది. పాత సైకిల్ ట్యూబు ముక్కను ఆ మూల మీద పరిచి చిన్న మేకులతో కొట్టండి. రేకు వేయాలనుకుంటే పైకప్పు మీద అరంగుళం బద్దలు పెట్టి, వాటి మీద వేయండి. మధ్యలో గాలి ఆడితే వేడి దిగదు. బయట సున్నం కొట్టించండి, తెలుపు ఎండను తిప్పికొడుతుంది.

లోపల రెండంగుళాల మందాన చిత్రిక పొట్టు పోయండి. పాలపిట్ట పుల్లలు పెద్దగా తెచ్చుకోదు. వట్టి పలక మీద గుడ్లు దొర్లి మూలలకు పోతాయి. రంపపు పొడి వాడకండి, తడి పట్టి గట్టిపడుతుంది.

ఇంత చేశాక పెట్టె దాదాపు పది కిలోలు తూగుతుంది. కాబట్టి మేకుతో చెట్టుకు కొట్టే పని కాదు. నేల నుంచి 12 నుంచి 15 అడుగుల ఎత్తులో, రెండు చోట్ల బోల్టులతో సిమెంటు స్తంభానికో గట్టి గుంజకో బిగించండి. కరెంటు స్తంభం జోలికి మాత్రం పోకండి. ముఖం తూర్పుకో ఉత్తరానికో ఉండాలి. మన వైపు ఎండాకాలం వడగాడ్పు పడమటి నుంచి కొడుతుంది, మధ్యాహ్నం ఎండా అటునుంచే. పడమటి ముఖం పెట్టె పొయ్యి అవుతుంది. ముందు ముప్పై అడుగుల మేర కొమ్మలు అడ్డు లేకుండా చూడండి, పక్షి నేరుగా ఎగిరి దూరుతుంది.

జనవరి ఆఖరుకు పెట్టె కట్టేసి ఉండాలి. మార్చి నుంచి జులై సగం దాకా తెరవకండి. పొదిగే రోజుల్లో ఊరికే తెరిస్తే వదిలేసి పోతుంది. ఆగస్టులో పాత పొట్టు తీసి, ఎండబెట్టి, సున్నం మళ్లీ కొట్టి, కొత్త పొట్టు పోయండి. అక్టోబరు వానలు మొదలయ్యే లోపు ఇది అయిపోవాలి. ఒక పెరటికి ఒక్క పెట్టె చాలు. గూడు కాలంలో పాలపిట్ట తన హద్దులోకి ఇంకో జంటను రానివ్వదు, కాకిని, గద్దను కూడా తరుముతుంది.

ప్రశ్న: పెట్టె కట్టి రెండు నెలలు. గోరింకలు దూరి గడ్డి, ప్లాస్టిక్ దారాలు, చాక్లెట్ కాగితాలు నింపేశాయి. తీసేయవచ్చా?
(ఒక పాఠకురాలు, కావలి)

జవాబు: గుడ్లు పెట్టకముందైతే చెత్త తీసేయవచ్చు, కానీ రెండో రోజే మళ్లీ నింపుతాయి. గుడ్లు పెట్టాక తీయకండి. గోరింక కూడా మన పక్షే, పిల్లల్ని బయట పారేసి ఇంకో పక్షిని పిలవడం న్యాయం కాదు. చేయగలిగింది వాటికి వేరే ఇల్లు ఇవ్వడం. రెండంగుళాల రంధ్రం, ఆరంగుళాల చదరపు అడుగు, పదహారు అంగుళాల ఎత్తుతో ఇంకో పెట్టె చేసి, మొదటిదానికి యాభై, అరవై అడుగుల దూరంలో, ఇంటికి దగ్గరగా కట్టండి. గోరింక మనుషుల అలికిడికి జంకదు, ఇరుకు తొర్రనే ఇష్టపడుతుంది. పెద్ద పెట్టెను ఇంటికి దూరంగా, పొలం వైపుకు జరపండి.

పెద్ద పెట్టెలో పైడికంటె దూరితే మాత్రం సంతోషించండి. గుండ్రటి తల, పసుపు కళ్లతో సాయంత్రం రంధ్రంలోంచి తొంగిచూసే చిన్న గుడ్లగూబ అది. చుంచులను, పురుగులను తింటుంది. అపశకునం అని తరిమేసేవాళ్లు ఉన్నారు, దాని వల్ల మీ ఇంటికి తగ్గేది ఎలుకలే. అది ఉన్నచోట ఎలుకల మందు పెట్టకండి. మందు తిన్న ఎలుకను తిని అదీ పోతుంది.

ప్రశ్న: పోయినేడు వేపచెట్టుకు కట్టిన పెట్టెలో పిల్లల్ని జెర్రిపోతు మింగేసింది. చెట్టు చుట్టూ తుమ్మకంప కట్టినా ఆగలేదు. గ్రీజు పూయమంటున్నారు, పనిచేస్తుందా?
(ఒక పాఠకుడు, సింగరాయకొండ)

జవాబు: కంప పిల్లిని ఆపుతుంది, పామును ఆపదు. సందుల్లోంచి దూరిపోతుంది, పైగా కంప దానికి పట్టు ఇస్తుంది. గ్రీజు అసలు వద్దు. నాలుగు రోజుల ఎండకు ఎండి దుమ్ము పడుతుంది, ఈలోగా ఏ పక్షి ఈకకో అంటితే అది ఎగరలేదు.

పామును ఆపేది నున్నటి, వెడల్పైన రేకు. మూడడుగుల వెడల్పు జీఐ రేకును మాను చుట్టూ, నేల నుంచి అయిదడుగుల ఎత్తులో మొదలయ్యేలా చుట్టండి. అడుగు, అడుగున్నర రేకు చాలదు, పెద్ద జెర్రిపోతు ఒళ్లు సాచి దాన్ని దాటేస్తుంది. రేకు అంచులు ఒకదాని మీద ఒకటి నాలుగంగుళాలు ఎక్కాలి. బతికున్న చెట్టుకు మేకులు కొట్టకుండా రెండుచోట్ల తీగతో కట్టి ఏటా వదులు చేయండి, లేకపోతే మాను లావెక్కి తీగ బెరడులోకి దిగుతుంది. రేకుకూ మానుకూ మధ్య సందుంటే అందులోంచే ఎక్కుతుంది, పై అంచు దగ్గర బురదమట్టితో పూడ్చండి. గుంజకు కట్టిన పెట్టెకైతే ఆరంగుళాల పీవీసీ పైపు మూడడుగుల ముక్క గుంజకు తొడిగి, పై మూత మూసి వేలాడదీస్తే సరిపోతుంది.

ఇంత చేసినా పక్కచెట్టు కొమ్మ పెట్టెకు ఆనుకుంటే అంతా వృథా. ఎనిమిదడుగుల లోపు కొమ్మలు, తీగలు, ప్రహరీ గోడ ఏదీ ఉండకూడదు. వేపచెట్టు గుబురుగా ఉంటే అది సాధ్యం కాదు, పెట్టెను ఒంటి గుంజకు మార్చండి. జెర్రిపోతును చంపకండి. దానికి విషం లేదు, మీ ధాన్యపు గాదె దగ్గర ఎలుకల్ని అదుపులో పెట్టేది అదే.

ప్రశ్న: మా దిగుడుబావి మట్టిగోడలో బొరియ చేసుకుని ఒక పాలపిట్ట ఉంటోంది. ముక్కు ఎర్రగా ఉంది. బావికి ఈ వేసవిలో సిమెంటు వరలు దించాలనుకుంటున్నాం.
(ఒక పాఠకుడు, చీమకుర్తి)

జవాబు: అది పాలపిట్ట కాదు, లకుముకి పిట్ట. ఎర్రటి పెద్ద ముక్కు, చాక్లెట్ రంగు తల, తెల్లటి రొమ్ము, నీలం వీపు దాని గుర్తులు. పాలపిట్ట ముక్కు నల్లన, రొమ్ము గోధుమ గులాబీ. నీలకంఠం అని పేరే గానీ దాని గొంతు నీలం కాదు. నీలం ఎక్కువగా రెక్కల్లో, తోకలో ఉంటుంది, కూర్చున్నప్పుడు సగం దాగి ఎగిరితే బయటపడుతుంది.

లకుముకి నిట్టనిలువు మట్టిగోడలో తానే సొరంగం తవ్వి లోపల గుడ్లు పెడుతుంది. జనవరి నుంచి ఆగస్టు దాకా ఎప్పుడైనా పిల్లలుండవచ్చు, కాబట్టి వరల పని సెప్టెంబరుకు జరపండి. వీలైతే నీటిమట్టానికి పైన, జనం నడవని వైపు ఓ ఆరడుగుల మట్టిగోడ వదిలేయండి.

ప్రశ్న: దసరాకు ఒకతను పంజరంలో పాలపిట్టను తెచ్చి ఇంటింటికీ చూపించి డబ్బు తీసుకుంటాడు. దర్శనం పుణ్యమంటారు కదా, ఇవ్వకూడదా? దాని ఈకలు తరిగి దాణాలో కలిపితే ఆవు పాలు ఎక్కువ ఇస్తుందంటారు, నిజమేనా?
(ఒక పాఠకురాలు, పొదలకూరు)

జవాబు: ఇవ్వకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, బంధించడం నేరం. మీరిచ్చే పది రూపాయలే వచ్చే ఏడాది ఇంకో పక్షిని పట్టిస్తాయి. పండగకు చాలా రోజుల ముందే పట్టి, రెక్కలు కట్టి ఉంచుతారు. కదిలే పురుగును పట్టి తినే పక్షి పంజరంలో గింజలు వేస్తే తినదు, ఆకలితో చిక్కిపోతుంది. పండగ అయ్యాక వదిలినా ఎగరలేక చాలావరకు చచ్చిపోతుంది. అలాంటి పంజరం కనిపిస్తే అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేయండి.

దర్శనం కావాలంటే ఆ రోజు ఉదయం ఏడు, ఎనిమిది గంటల మధ్య ఊరి బయట దున్నుతున్న పొలం దగ్గరికి పిల్లలతో వెళ్లండి. ట్రాక్టరు వెనక లేచే పురుగుల కోసం పాలపిట్ట వస్తుంది, లేదా పక్కన తీగ మీద ఉంటుంది. అది పండగకు ఎగురుతూ కనిపించాల్సిన పక్షి. 2018 దాకా మన రాష్ట్ర పక్షి అదే, తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు రామచిలుకను ఎంచుకున్నారు. తెలంగాణకు ఇప్పటికీ పాలపిట్టే.

ఈకల మాట నిజం కాదు. పేరులో పాలు ఉన్నాయని పుట్టుకొచ్చిన నమ్మకం అది. ఈకలో ఉన్నది మన గోటిలో ఉండే కెరాటిన్, ఆవు కడుపులో దానికి పాలు పెంచే గుణం లేదు. పచ్చిమేత, తెలగపిండి, ఖనిజ లవణ మిశ్రమం పెంచండి.

ప్రశ్న: తాటిమోడు కింద పాలపిట్ట పిల్ల పడి ఉంది. ఇంట్లోకి తెచ్చి పాలు, అన్నం పెట్టాం. తినడం లేదు.
(ఒక విద్యార్థి, ఉదయగిరి)

జవాబు: పాలు, అన్నం వెంటనే ఆపండి, ముక్కులో నీళ్లు పోయకండి. నీళ్లు ఊపిరిగొట్టంలోకి పోతే అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఒళ్లంతా ఈకలు వచ్చి, రెక్కలు కొట్టుకుంటూ గెంతుతుంటే అది ఎగరడం నేర్చుకుంటోంది. దొరికిన చోటికే తీసుకెళ్లి, కుక్క, పిల్లి అందని ఎత్తులో కొమ్మ మీద పెట్టి, యాభై అడుగులు దూరం జరిగి గంటసేపు చూడండి. తల్లిదండ్రులు వచ్చి తినిపిస్తాయి. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్నది అపోహ. ఈకలు రాని పిల్ల అయితే తొర్రలోకే చేర్చాలి. మోడు పుచ్చి ఉంటుంది కాబట్టి నువ్వు ఎక్కకు, పెద్దవాళ్ల చేత నిచ్చెన వేయించు. తొర్ర అందకపోతే లోతైన వెదురుబుట్టలో ఎండుగడ్డి వేసి, అదే మానుకు అందినంత ఎత్తులో నీడ వైపు కట్టించి పిల్లను అందులో ఉంచు. రెక్క వేలాడుతున్నా, రక్తం కనిపిస్తున్నా గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో గుడ్డ పరిచి, చీకటిగా ఉంచి, పశువుల డాక్టరుకో అటవీ సిబ్బందికో అదే రోజు అప్పగించండి.